చిన్న రింకులో కాలేజీ ఐస్ హాకీ చూడటం ఎలా: హోటన్ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

"అక్కా, గోల్ పడిందా? ఎప్పుడు పడింది?"

ఏటా అక్టోబరులో ఈ ప్రశ్న నాకు ఎదురవుతుంది. అప్పటికి ఆ పిల్లలు ఇక్కడి మిషిగన్ టెక్ యూనివర్సిటీలో చేరి రెండు నెలలై ఉంటుంది. ఎమ్మెస్ మొదటి సెమిస్టరు, అసైన్‌మెంట్ల టెన్షన్, ఎన్నడూ ఎరగని చలి. నలుగురైదుగురిని పోగుచేసి శుక్రవారం సాయంత్రం హాకీ మ్యాచ్‌కి తీసుకెళ్తాను. హారన్ మోగుతుంది, చుట్టూ జనం ఒక్కసారిగా లేస్తారు, బ్యాండు అందుకుంటుంది. మనవాళ్ళు మాత్రం పక్కవాళ్ళ మొహాలు చూస్తూ ఉంటారు. నేను వచ్చిన కొత్తలో నాదీ అదే పరిస్థితి. నా మొదటి మ్యాచ్‌లో నాలుగు గోల్స్ పడితే ఒక్కటీ నా కంటపడలేదు.

ఆ తర్వాత ఇన్ని చలికాలాలు ఆ మెట్ల మీద కూర్చుని నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. చిన్న రింకులో, అంటే చిన్న మంచు మైదానంలో, ఆట మనకు చాలా దగ్గరగా జరుగుతుంది. స్కేట్లు మంచును కోసే చప్పుడు వినిపిస్తుంది, ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం వినిపిస్తుంది. టీవీలో పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం వెతుక్కునేవాళ్ళు కూడా ఇక్కడ రెండు మ్యాచ్‌లలో ఆటను పట్టుకోగలరు. ఎటు చూడాలో, ఏది వినాలో తెలిస్తే చాలు.

ముందు ఊరి సంగతి

హోటన్ మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరాన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవనా ద్వీపకల్పం మీద ఉంది. ఒకప్పుడు రాగి గనుల ప్రాంతం. ఊరి జనాభా 8 వేల చిల్లర. ఇక్కడ ఒక్కో చలికాలంలో సగటున 200 అంగుళాలకు పైగా మంచు కురుస్తుంది, అంటే 5 మీటర్లు. అన్ని నెలలు మంచులో గడిపే ఊళ్ళో ఐస్ హాకీ ఇంటి ఆట కావడంలో వింతేముంది?

చరిత్ర కూడా ఈ ఊరికి తక్కువేమీ కాదు. డబ్బులిచ్చి ఆటగాళ్ళను ఆడించిన మొదటి హాకీ లీగ్ 1904లో ఇక్కడి నుంచే మొదలైంది. దాని వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు ఈ ఊళ్ళో పళ్ళ డాక్టరుగా ఉన్న డాక్ గిబ్సన్. అప్పటి రింకు పేరు ఆంఫీడ్రోమ్. అది 1927లో కాలిపోతే అదే చోట కట్టినది ఇప్పటి డీ స్టేడియం. పక్కనే కాల్యుమెట్‌లో 1913 నాటి కొలోసియం ఇవాళ్టికీ నడుస్తోంది. నాలుగడుగులు వేస్తే ఒక రింకు తగిలే ప్రాంతం ఇది.

మిషిగన్ టెక్ జట్టు పేరు హస్కీస్, రంగులు నలుపు, బంగారు పసుపు. జాన్ మెక్‌ఇన్నిస్ అనే కోచ్ హయాంలో 1962, 1965, 1975ల్లో జాతీయ చాంపియన్‌షిప్ గెలిచింది. 1965 జట్టులో ఉన్న గోలీ (గోల్‌కీపర్) టోనీ ఎస్పోజిటో ఆ తర్వాత చికాగో బ్లాక్‌హాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1972లో తెరిచిన రింకుకి ఆ కోచ్ పేరే పెట్టారు. అందులో పట్టేది నాలుగు వేల పైచిలుకు మంది. అంటే ఊళ్ళో సగం మందికి చోటున్నట్టు.

మొదటి మెట్టు: సరైన మ్యాచ్ ఎంచుకోండి

కాలేజీ హాకీ సీజన్ అక్టోబరు మొదట్లో మొదలై మార్చి దాకా సాగుతుంది. ఏప్రిల్‌లో చివరి నాలుగు జట్ల పోరుతో ముగుస్తుంది. మామూలుగా ఒక ఊరికి వచ్చిన జట్టు శుక్రవారం ఒక మ్యాచ్, శనివారం ఇంకో మ్యాచ్ ఆడి వెళ్తుంది. కొత్తవాళ్ళకు ఇది చాలా మంచి ఏర్పాటు. శుక్రవారం తికమకపడినది శనివారం తేటపడుతుంది.

మొదటిసారికి అక్టోబరు, నవంబరుల్లో ఒక మామూలు మ్యాచ్‌కి వెళ్ళమంటాను. జనం మరీ కిక్కిరిసి ఉండరు, నచ్చిన చోటుకు మారి కూర్చోవచ్చు. ఫిబ్రవరి మొదట్లో వచ్చే వింటర్ కార్నివాల్ వారాంతం దాచుకోండి. 1922లో మొదలైన ఆ పండగకు విద్యార్థులు క్యాంపస్ అంతా మంచుతో ఇళ్ళంత బొమ్మలు చెక్కుతారు, రింకు నిండిపోతుంది. వంద మైళ్ళ అవతల మార్కెట్ (Marquette) అనే ఊళ్ళో ఉన్న నార్తర్న్ మిషిగన్ జట్టు వచ్చినప్పుడూ అంతే. ఆట కొంచెం తెలిశాక ఆ మ్యాచ్‌లు చూస్తే వాటి రుచి వేరు.

రెండో మెట్టు: టికెట్, టైము

మీరు విద్యార్థి అయితే ముందు మీ ఫీజు రసీదు చూసుకోండి. చాలా యూనివర్సిటీల్లో మనం కట్టే ఫీజులోనే ఆటల ప్రవేశం కలిసి ఉంటుంది. ఐడీ కార్డు చూపిస్తే చాలు. ఆ సంగతి తెలియక డిగ్రీ అయ్యేదాకా ఒక్క మ్యాచ్ కూడా చూడకుండా వెళ్ళిపోయిన మనవాళ్ళు ఎంతమందో. డబ్బు కట్టేశారు, ఆట చూడలేదు. నాకు నిజంగా బాధనిపిస్తుంది.

టికెట్ మీద 7:07 అని ఉంటే అచ్చుతప్పు అనుకోకండి. కాలేజీ హాకీలో చాలాచోట్ల ఇలాంటి టైములే ఉంటాయి. పరిచయాలు, జాతీయ గీతం అయ్యాక ఆట మొదలయ్యే సమయం అది. మీరు మాత్రం 6:20 కల్లా లోపల ఉండండి. ఎందుకో కిందే చెబుతాను.

మూడో మెట్టు: బట్టలు

బయట మైనస్ 10 డిగ్రీలున్నా లోపల వెచ్చగానే ఉంటుందిలే అనుకుని పల్చటి స్వెట్టరుతో వచ్చేవాళ్ళుంటారు. మంచు గడ్డ కరగకుండా ఉండాలంటే లోపల కూడా చల్లగానే ఉంచాలి. మొదటి పావుగంట హాయిగా ఉంటుంది. రెండో పీరియడ్‌కి పాదాలు మొద్దుబారతాయి. చలి కింద నుంచి, సిమెంటు మెట్ల నుంచి ఎక్కుతుంది. కాబట్టి కోటు కంటే ముందు మేజోళ్ళు చూసుకోండి. మందపాటి ఉన్ని మేజోళ్ళు, మంచులో నడిచే బూట్లు, లోపల థర్మల్స్, చెవులు కప్పే టోపీ. చేతి తొడుగులు చప్పట్లు కొట్టడానికి వీలుగా ఉండాలి. ఊరి పెద్దవాళ్ళు చాలామంది కింద వేసుకోవడానికి చిన్న దిండు గానీ దుప్పటి గానీ తెచ్చుకుంటారు. వాళ్ళను చూసి నేర్చుకోండి.

తిండి ఇంట్లోనే తినేసి వెళ్ళండి. లోపల పాప్‌కార్న్, నాచోస్ లాంటివి దొరుకుతాయి గానీ బయటి డబ్బాలు సాధారణంగా రానివ్వరు. మా గదిలో హాకీ రోజు అంటే సాయంత్రం ఐదింటికే పులిహోర కలిపేసుకునేవాళ్ళం.

నాలుగో మెట్టు: ఎక్కడ కూర్చోవాలి

కొత్తవాళ్ళంతా కింది వరుసకు పరిగెడతారు, రింకు చుట్టూ ఉన్న అద్దానికి మొహం ఆనించి చూడాలని. ఆ ఆనందం కాదనను, ఒక పీరియడ్ అక్కడ కూర్చోవాల్సిందే. ఇద్దరు ఆటగాళ్ళు వచ్చి మీ ముందున్న అద్దానికి ఢీకొన్నప్పుడు గుండె ఒక్క క్షణం ఆగినట్టుంటుంది. కానీ ఆట అర్థం కావాలంటే అక్కడ కుదరదు. అవతలి చివర ఏం జరుగుతోందో కనబడదు.

నేను మొదటిసారి వచ్చినవాళ్ళను ఎనిమిది, పది వరుసల పైన, ఒక నీలి గీతకు కాస్త అటూ ఇటూగా కూర్చోబెడతాను. అక్కడి నుంచి మైదానం మొత్తం చదరంగం బల్లలా కనబడుతుంది. రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. పొడవును ఒక ఎర్ర గీత మధ్యలో సగం చేస్తుంది, రెండు నీలి గీతలు మూడు భాగాలు చేస్తాయి. ఈ మూడు గీతలూ ఒకే చూపులో ఇమిడే చోటు వెతుక్కోండి.

ఒక జాగ్రత్త. గోలు వెనకున్న సీట్ల ముందు వల కట్టి ఉంటుంది. 2002లో కొలంబస్‌లో ఒక అమ్మాయి పక్ తగిలి చనిపోయాక పెద్ద లీగుల్లో ఈ వలలు తప్పనిసరి చేశారు. పక్కలకు మాత్రం అద్దం ఎత్తు వరకే రక్షణ. పక్ గట్టి రబ్బరు బిళ్ళ, అంగుళం మందం, 3 అంగుళాల వెడల్పు, దాదాపు 170 గ్రాములు. ఎగరకుండా జారాలని ఆటకు ముందు దాన్ని ఫ్రీజ్ చేసి ఉంచుతారు, కాబట్టి రాయితో సమానం. ఒకసారి నేను ఫోన్‌లో మెసేజ్ టైప్ చేస్తుంటే నాకు రెండు సీట్ల అవతల ఖాళీ కుర్చీకి తగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆట నడుస్తున్నంతసేపు ఫోన్ జేబులో ఉండాలి. పిల్లలతో వెళ్తే వల వెనకే కూర్చోండి. పక్ పైకి లేచిందని అనిపిస్తే పట్టుకోవాలని చెయ్యి చాపకండి, తల దాచుకోండి. నేల మీద పడి ఆగాక తీసుకోండి. అది మీదే, తిరిగి అడగరు.

ఐదో మెట్టు: ముందుగా వెళ్ళి వార్మప్ చూడండి

6:20 అన్నది ఇందుకే. ఆటకు ముందు రెండు జట్లూ చెరో సగంలో సాధన చేస్తాయి. అప్పుడు బోలెడన్ని పక్‌లు మంచు మీద ఉంటాయి, అందరూ నింపాదిగా కొడుతుంటారు. మీ కళ్ళు పక్ వేగానికి అలవాటు పడటానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కింది వరుసకు దిగి, అద్దం దగ్గర నిలబడి, ఒకే ఒక్క ఆటగాడి స్టిక్ చివర చూడండి. కొట్టే ముందు అతని భుజం ఎలా తిరుగుతుందో, బరువు ఏ కాలి మీద పడుతుందో గమనించండి. ఇరవై షాట్లు అలా చూశాక పక్ ఎటు వెళ్ళబోతోందో ముందే తెలియడం మొదలవుతుంది.

గోలీని కూడా అప్పుడే చూసుకోండి. కొందరు గోలు స్తంభాన్ని స్టిక్‌తో ఒకటికి రెండుసార్లు తాకి చూసుకుంటారు. తల తిప్పకుండానే గోలు ఎక్కడుందో తెలియడానికి వాళ్ళు చేసుకునే కొలత అది.

ఆరో మెట్టు: అవసరమైనంత వరకే నియమాలు

నియమాల పుస్తకం మొత్తం మొదటి రోజే అక్కర్లేదు. ఇవి చాలు.

ఒక్కో జట్టుకు గోలీతో కలిపి ఆరుగురు మంచు మీద ఉంటారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. ఆట ఆగినప్పుడల్లా గడియారం కూడా ఆగుతుంది కాబట్టి మొత్తం రెండున్నర గంటలు పట్టొచ్చు.

ఆఫ్‌సైడ్ అంటే ఇలా అనుకోండి: అవతలివాళ్ళ నీలి గీత ఒక గడప. పక్ గడప దాటాకే మనిషి దాటాలి. పక్ కంటే ముందు దాడి చేసే జట్టులో ఎవరైనా లోపలికి వెళ్ళి ఉంటే లైన్స్‌మన్ ఈల వేస్తాడు.

ఐసింగ్ అంటే, ఇబ్బందిలో ఉన్న జట్టు తన సగంలో నుంచి పక్‌ను గుడ్డిగా బాదితే అది ఎవరికీ తగలకుండా అవతలి గోలు గీత దాటిపోవడం. శిక్షగా మళ్ళీ వాళ్ళ గోలు పక్కనే ఆట మొదలవుతుంది, పైగా అలసిపోయిన ఆటగాళ్ళను మార్చుకోనివ్వరు. ఐసింగ్ అయినప్పుడు ఆ ఐదుగురి భుజాలు చూడండి. మోకాళ్ళ మీద స్టిక్ ఆనించి వంగి రొప్పుతుంటారు. చాలాసార్లు అక్కడి నుంచే గోల్స్ పుడతాయి.

పక్ ఉన్నవాడిని ఒంటితో ఢీకొట్టవచ్చు. కాళ్ళకు అడ్డం పెట్టడం, స్టిక్‌తో లాగడం, పట్టుకోవడం తప్పు. టీవీలో చూసే ముష్టియుద్ధాలు కాలేజీ హాకీలో దాదాపు ఉండవు. కొట్టుకున్నవాడిని ఆ మ్యాచ్ నుంచి పంపేయడమే కాక తర్వాతి మ్యాచ్ కూడా ఆడనివ్వరు. మొహం మొత్తం కప్పే జాలీ గానీ అద్దం గానీ కాలేజీలో అందరికీ తప్పనిసరి. ఇంట్లో వాళ్ళను తీసుకెళ్ళడానికి వెనకాడేవాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతుంటాను.

ఏడో మెట్టు: పక్ వెంట పడకండి

అసలు విషయానికి వచ్చాం. నా మొదటి చలికాలంలో పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చునేది. నలభై ఏళ్ళుగా అదే వరుసలో సీజన్ టికెట్ కడుతోందట. నేను తల అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కోవడం చూసి నా మోచేతి మీద తట్టింది. "పక్‌ని వదిలేయమ్మా. అది ఎక్కడికీ పోదు. మనుషుల్ని చూడు" అంది. ఆ ఒక్క మాటతో నాకు హాకీ కనబడటం మొదలైంది.

మొదటి పీరియడ్‌లో ఒకే ఒక్క ఆటగాడిని ఎంచుకోండి. వెనక ఆడే డిఫెన్స్‌మన్ అయితే ఇంకా మంచిది. అతను బెంచి గోడ దూకి మంచు మీదికి వచ్చినప్పటి నుంచి తిరిగి వెళ్ళేదాకా అతన్నే చూడండి. పక్ ఎక్కడున్నా సరే. ఒకటి వెంటనే గమనిస్తారు: అతను మంచు మీద ఉండేది 40, 50 సెకన్లే. ప్రాణం పెట్టి పరిగెత్తి, ఊపిరి అందకముందే మార్చుకుంటాడు. ఆట ఆగనక్కర్లేదు, ఒకడు దిగుతుంటే ఇంకొకడు ఎక్కుతాడు. ముందు ఆడేవాళ్ళు ముగ్గురేసి నాలుగు గుంపులుగా, వెనక ఆడేవాళ్ళు జంటలుగా తిరుగుతుంటారు. ఏ ముగ్గురు కలిసి వస్తున్నారో నంబర్లు చూసి గుర్తుపట్టండి. ఒక పీరియడ్ అయ్యేసరికి "ఇదిగో వేగంగా ఆడే ముగ్గురూ వచ్చారు" అని మీరే పక్కవాళ్ళకు చెబుతారు.

అతని మెడ చూడండి. మంచి డిఫెన్స్‌మన్ పక్ అందుకోవడానికి వెనక్కి వెళ్తూ రెండు మూడుసార్లు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. తన మీదికి ఎవరు వస్తున్నారో, సాటివాళ్ళు ఎక్కడున్నారో ఆ చూపుల్లోనే తెలిసిపోతుంది. అలా చూడనివాడు గోడ దగ్గర ఢీ తింటాడు. ఇది టీవీలో కనబడదు, ఎందుకంటే కెమెరా పక్‌తోనే పోతుంది.

రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి. అప్పుడు ఒక్కో జట్టుకు తన గోలు తన బెంచికి దూరమవుతుంది. కాపాడుకుంటూ అలసిపోయినవాళ్ళు మార్చుకోవాలంటే చాలా దూరం రావాలి. దాంతో ఎదుటి జట్టు ఒకసారి ఉచ్చు బిగించిందంటే నిమిషం, నిమిషంన్నర వదలదు. రెండో పీరియడ్‌లో ఉన్నట్టుండి ఆట తారుమారు కావడానికి ఇదొక కారణం. ఈ సంగతి తెలిశాక రెండో పీరియడ్ చూస్తుంటే నాకు కబడ్డీలో రెయిడర్ గీత చేరడానికి చెయ్యి చాపినప్పటి ఉత్కంఠ గుర్తొస్తుంది.

ఎనిమిదో మెట్టు: చెవులకు పని పెట్టండి

పెద్ద స్టేడియాల్లో స్పీకర్ల హోరు అన్నిటినీ మింగేస్తుంది. చిన్న రింకులో ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని చూడండి.

స్టిక్‌తో మంచు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టారంటే "నేనిక్కడ ఖాళీగా ఉన్నాను, పక్ ఇవ్వు" అని. పక్ మెత్తగా 'తప్'మని ఆగితే పాస్ అందింది. గోడకు 'ధడ్'మంటే తప్పిపోయింది. గోలు స్తంభానికి తగిలితే గుడిగంటలా ఖంగుమంటుంది, జనమంతా ఒకేసారి 'అయ్యో' అంటారు. గోలీ కాళ్ళ ప్యాడ్లకు తగిలితే దిండును బాదినట్టు ఉంటుంది. ఆ శబ్దం తర్వాత పక్ తిరిగి గోలు ముందే పడుతుంది, ఆ అర సెకను కీలకం. "వెనక మనిషి!" లాంటి కేకలు, "టైముంది, టైముంది" అని సాటివాడికి ధైర్యం చెప్పే కేకలు స్పష్టంగా వినబడతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇంకొకటి ఉంది. అవతలి జట్టువాడి పెనాల్టీ (తప్పు చేసినందుకు కాసేపు పక్కనున్న పెట్టెలో కూర్చోవలసిన శిక్ష) అయిపోవస్తుంటే మన గోలీ తన స్టిక్‌ను మంచు మీద గట్టిగా బాదుతాడు. దాడిలో మునిగి ఉన్న సాటివాళ్ళకు గడియారం చూసే తీరిక ఉండదు. "పెట్టెలోంచి మనిషి బయటికొస్తున్నాడు, జాగ్రత్త" అని చెప్పడం అది. మొదటిసారి ఆ చప్పుడు విని, తలుపు తెరుచుకోవడం చూసి, రెండింటికీ ముడి వేసుకున్న రోజు నాకు ఏదో రహస్యం చేతికందినట్టు అనిపించింది.

తొమ్మిదో మెట్టు: పెనాల్టీ పడినప్పుడు

మనకు పవర్‌ప్లే అనగానే క్రికెట్ గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. తప్పు చేసినవాడు 2 నిమిషాలు పెనాల్టీ పెట్టెలో కూర్చోవాలి, వాడి జట్టు గోలీ కాక నలుగురితోనే నెట్టుకురావాలి. ఎదుటివాళ్ళు గోల్ కొడితే ముందే బయటికి రావచ్చు. పెద్ద తప్పయితే 5 నిమిషాలు, ఎన్ని గోల్స్ పడినా కదలకూడదు.

చేతికి నారింజ పట్టీ ఉన్న రెఫరీ చెయ్యి పైకెత్తి కూడా ఈల వేయలేదంటే గందరగోళపడకండి. తప్పు చేసిన జట్టుకు పక్ చిక్కేదాకా ఆగుతున్నాడు. అప్పుడు తప్పు చేయని జట్టు గోలీని చూడండి, గోలు వదిలేసి బెంచి వైపు పరుగు తీస్తాడు, బదులుగా ఇంకో దాడిమనిషి దూకుతాడు. ఎదుటివాళ్ళకు పక్ చిక్కితే ఈల పడుతుంది కాబట్టి ఖాళీ గోలుకు పెద్దగా ప్రమాదం లేదు. ఆ సమయంలో గోల్ పడినా కాలేజీ నియమాల ప్రకారం పెనాల్టీ అలాగే మిగిలి ఉంటుంది.

పవర్‌ప్లేలో ఐదుగురూ గోలు చుట్టూ పరుచుకుని పక్‌ను చకచకా తిప్పుతారు. మీరు మాత్రం తక్కువ మంది ఉన్న జట్టును చూడండి. నలుగురూ పెట్టెలా నిలబడి, కదిలితే కలిసి కదులుతూ, వచ్చే షాట్లకు ఒళ్ళు అడ్డం పెడతారు. మోకాలి మీద కూలబడి పక్‌ను ఎముకలతో ఆపినవాడు కుంటుతూ లేస్తే బెంచి మీద అందరూ స్టిక్‌లతో గోడను బాదుతారు. అది వాళ్ళ చప్పట్లు. మీరూ కలపండి.

విరామంలో

జాంబోనీ బండి వస్తుంది. 1949లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ జాంబోనీ తయారుచేసిన యంత్రం అది. గీతలు పడిన పైపొరను గీరి, కడిగి, వేడినీళ్ళు పల్చగా పరుచుకుంటూ పోతుంది. వేడినీళ్ళు గీతల్లోకి ఇంకి సమంగా గడ్డకడతాయి. పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా కదలకుండా చూస్తారు. కాళ్ళలో రక్తం ఆడటానికి మీరు మాత్రం లేచి ఒక చుట్టు నడవండి. గోడల మీద పాత జట్ల ఫొటోలుంటాయి.

ఇక్కడి పెప్ బ్యాండు గురించి ఒక మాట. చారల ఓవరాల్స్ వేసుకుని, ఆట ఆగిన ప్రతి సందులో వాయిస్తారు. ఒక నెమ్మదైన వాల్ట్జ్ వాయించినప్పుడు జనం పక్కవాళ్ళ చేతిలో చెయ్యి వేసి వరుసలు వరుసలుగా ఊగుతారు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు మీ చెయ్యి పట్టుకుంటే వెనక్కి లాక్కోకండి. ఇల్లు వదిలి వచ్చిన మొదటి నవంబరులో, ఆ ఊపులో నాకు కళ్ళు చెమర్చాయి.

పదో మెట్టు: జనంలో కలవడం

మిచ్స్ మిస్‌ఫిట్స్ అనే విద్యార్థుల గుంపు ఒక భాగం మొత్తం ఆక్రమించి నిలబడే చూస్తుంది. గోల్ పడినప్పుడు చాలా కాలేజీల్లో ఎదుటి గోలీ వైపు వేళ్ళు చూపిస్తూ "జల్లెడ! జల్లెడ!" అన్న అర్థం వచ్చేలా అరుస్తారు. ఒక్క ఆటగాడే మూడు గోల్స్ కొడితే టోపీలు మంచు మీదికి విసురుతారు, కాబట్టి అమ్మ అల్లిన టోపీ పెట్టుకెళ్ళకండి.

మర్యాద ఒకటే గుర్తుపెట్టుకోండి. ఆట నడుస్తున్నప్పుడు మెట్ల మీద నడవకూడదు. పైన తలుపు దగ్గర ఆగి, ఈల పడ్డాక సీటుకు వెళ్ళండి.

చివరి రెండు నిమిషాలు

ఒక గోల్ వెనకబడిన జట్టు ఇంకా రెండు నిమిషాలుందనగా గోలీని తీసేసి ఆరో దాడిమనిషిని దించుతుంది. బెంచి వైపు చూస్తూ ఉండండి. కోచ్ చెయ్యి ఊపడం, గోలీ మెడ చాచి అతని వైపే చూస్తూ ఉండటం, ఒక్కసారిగా పరుగు. ఇటు ఖాళీ గోలు, అటు ఆరుగురు. తెలిసి చేసే సాహసం అది. బయట మంచు పడుతోందని, కారు కప్పబడిపోతుందని ముందే లేచి వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇవి పోగొట్టుకోవలసిన నిమిషాలు కావు.

సమానమైతే 5 నిమిషాల అదనపు ఆట, ముగ్గురికి ముగ్గురు. మంచు మీద అంత ఖాళీ ఉంటే ఎటు చూసినా దాడే. మొదటి గోల్‌తో ఆట సరి. అప్పటికీ తేలకపోతే రికార్డుల్లో డ్రాగానే రాస్తారు, కొన్ని లీగుల్లో అదనపు పాయింటు కోసం షూటౌట్ పెడతారు. మార్చిలో నాకౌట్ మ్యాచ్‌లలో మాత్రం గోల్ పడేదాకా 20 నిమిషాల పీరియడ్లు సాగుతూనే ఉంటాయి.

మీ ఊరు హోటన్ కాకపోతే

మొదటి డివిజన్, అంటే పై స్థాయి కాలేజీ జట్లు 60కి పైగానే ఉన్నా ఎక్కువగా అమెరికా ఈశాన్యంలో, పెద్ద సరస్సుల చుట్టూ ఉన్నాయి. మీ యూనివర్సిటీకి జట్టు లేదనిపిస్తే రెండు చోట్ల వెతకండి. ఒకటి మూడో డివిజన్. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్‌లు ఉండవు, చదువుకుంటూ ఇష్టంతో ఆడతారు. న్యూయార్క్‌లో ప్లాట్స్‌బర్గ్, వెర్మాంట్‌లో నార్విచ్, మిషిగన్‌లోనే ఏడ్రియన్ అలాంటివి. రెండోది క్లబ్ హాకీ. మంచు ఎరగని రాష్ట్రాల్లో కూడా యూనివర్సిటీ క్లబ్ జట్లుంటాయి, ఊరి పబ్లిక్ రింకులోనే ఆడతాయి. ఐదారు వరుసల బల్లలు, వందమంది జనం, ఆటగాళ్ళ అమ్మానాన్నలు. పైన చెప్పిన చప్పుళ్ళన్నీ అక్కడ ఇంకా తేటగా వినబడతాయి. అమ్మాయిల జట్టుంటే తప్పక చూడండి. వాళ్ళ ఆటలో ఒంటితో ఢీకొట్టడానికి అనుమతి లేదు కాబట్టి పాస్‌ల అల్లిక మొత్తం విప్పినట్టు కనబడుతుంది.

శనివారం మళ్ళీ వెళ్ళండి

శుక్రవారం రాత్రి కారు అద్దం గీరుకుంటూ "ఈసారి రెండు గోల్స్ కనబడ్డాయక్కా" అంటారు పిల్లలు. అక్కడితో ఆగొద్దు. మర్నాడు అవే జట్లు, అవే నంబర్లు. ఈసారి అవతలి చివర, వల వెనక కూర్చోండి. పక్ దూరంగా ఉన్నప్పుడు గోలీ ఏం చేస్తాడో చూడండి. తన ముందున్న నీలం అర్ధచంద్రంలో స్కేట్లతో మంచును గీరి గరుకు చేసుకుంటాడు, నీళ్ళు తాగుతాడు, తనలో తాను మాట్లాడుకుంటాడు. ఆట ఇటు తిరిగిన క్షణం మోకాళ్ళు వంచి ముందుకొస్తాడు. ఆ కదలిక నుంచి పక్ మీ కింద వలకు తగిలే వరకు ఎన్ని పాస్‌లు పడ్డాయో లెక్కపెట్టండి. మ్యాచ్ అయ్యాక సాధారణంగా రెండు జట్లూ వరుసగా నిలబడి చేతులు కలుపుకుంటాయి, అది అయ్యేదాకా ఉండండి. శుక్రవారం మీరు ఎంచుకున్న డిఫెన్స్‌మన్ కూడా ఆ వరుసలోనే ఉంటాడు.